కాలువ నీటిలో, బోరు నీటిలో ప్లాస్టిక్ రేణువులను లెక్కించే విధానం: గోదావరి డెల్టా గ్రామాలకు సమగ్ర మార్గదర్శి

మా ఊరి ఫిల్టర్ పాయింటు (తక్కువ లోతు గొట్టపు బావి) నీటిలో ప్లాస్టిక్ ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి, మంచినీళ్ల చెరువులోకి వదిలే కాలువ నీటిని ఎవరు పరీక్షిస్తారు, మేమే చూసుకునే దారి ఉందా అని పాఠకులు పదే పదే అడుగుతున్నారు. దారి ఉంది. హైస్కూలు సైన్సు ఉపాధ్యాయుడో, డిగ్రీ విద్యార్థులో ముగ్గురు నలుగురు కలిస్తే, ఒక సూక్ష్మదర్శినీ మూడు జల్లెడలూ సంపాదించుకుంటే, వారం పది రోజులలో నమ్మదగిన లెక్క ఒకటి చేతికి వస్తుంది.

అయితే ఈ పనిలో కష్టం ప్లాస్టిక్‌ను కనిపెట్టడంలో లేదు. మనం వెంట తెచ్చిన ప్లాస్టిక్‌ను నీటిలో ఉన్న ప్లాస్టిక్ నుండి విడదీయడంలో ఉంది. నేను మొదటిసారి కాలువ నీరు తోడినప్పుడు ప్రతి నమూనాలోనూ నీలిరంగు పోగులు కనబడ్డాయి. రెండు రోజులు గొప్ప విషయం కనిపెట్టినట్లు తిరిగాను. మూడో రోజు బొక్కెనకు కట్టిన నీలిరంగు నైలాన్ తాడును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే అవే పోగులు. అందుకే ఈ మార్గదర్శిలో జాగ్రత్తల పాలు కొంచెం ఎక్కువగా ఉంటుంది.

## 1. ఏమి లెక్కిస్తున్నామో ముందుగా తేల్చుకోవాలి

5 మిల్లీమీటర్ల కంటే చిన్నవైన ప్లాస్టిక్ ముక్కలను, పోగులను, పొరలను, గుళికలను మైక్రోప్లాస్టిక్ అంటారు. ఒక మిల్లీమీటరులో 1000 మైక్రాన్లు ఉంటాయి. ఇక్కడ చెప్పే పద్ధతిలో 75 మైక్రాన్ల జల్లెడ మీద నిలిచిన వాటిని మాత్రమే పట్టుకోగలం, అందులోనూ 100 మైక్రాన్లకు దిగువన ఉన్నవాటిని కంటితో గుర్తించడంలో తప్పులు ఎక్కువ.

కాబట్టి బోరు నీటిలో ఏమీ కనబడకపోతే "మా జల్లెడకు అందేంత పెద్దవి దొరకలేదు" అని రాయాలి. నీరు ఇసుక పొరల గుండా భూమిలోకి దిగేటప్పుడు పెద్ద రేణువులు పైనే ఆగిపోతాయి, చిన్నవి దిగిపోతాయి. నది నీటికీ భూగర్భ జలానికీ ఉన్న ఈ తేడాను మరచి రెండు అంకెలను పక్కపక్కన పెట్టకూడదు.

తాగునీటికి మన దేశంలో పాటించే ఐఎస్ 10500 ప్రమాణంలో మైక్రోప్లాస్టిక్‌కు పరిమితి ఏదీ లేదు. అందుచేత మీకు వచ్చే అంకెను బట్టి "సురక్షితం" అనీ "ప్రమాదకరం" అనీ తీర్పు చెప్పడానికి వీలుండదు. ఊరికి ఎగువన ఎంత, దిగువన ఎంత, సార్వా కాలంలో ఎంత, దాళ్వా కాలంలో ఎంత అనే పోలికలకు మాత్రం అది బాగా పనికివస్తుంది.

## 2. సామగ్రిని సమకూర్చుకోవడం

ఖరీదైన వల కొననవసరం లేదు. పాలిటెక్నిక్ కళాశాలల సివిల్ విభాగంలో మట్టినీ ఇసుకనూ జల్లించడానికి ఇత్తడి లేదా స్టీలు చట్రాల జల్లెడలు ఉంటాయి. వాటిలో 4.75 మి.మీ., 300 మైక్రాన్లు, 75 మైక్రాన్లు అనే మూడు అడిగి తెచ్చుకుంటే మన పనికి సరిగ్గా సరిపోతాయి. సూక్ష్మదర్శిని కళాశాల జంతుశాస్త్ర విభాగంలో దొరుకుతుంది, లేదా భీమవరం, ఉండి, ఆకివీడు పరిసరాలలో రొయ్యలను పరీక్షించే ఆక్వా ల్యాబులలో దొరుకుతుంది. 40 రెట్లు పెద్దదిగా చూపితే చాలు.

తెచ్చుకోవలసినవి:

- 10 లీటర్లు పట్టే స్టీలు బకెట్టు ఒకటి, స్టీలు బొక్కెన ఒకటి
- కొబ్బరి తాడు లేదా ఇనుప గొలుసు (నైలాన్ తాడు పనికిరాదు)
- మూడు జల్లెడలు
- వెడల్పు మూతి గాజు సీసాలు, నమూనాకు ఒకటి చొప్పున, అదనంగా మూడు
- అల్యూమినియం ఫాయిల్
- గాజు గరాటు, వడపోత కాగితాలు, మూత ఉన్న గాజు పళ్లేలు
- మందుల దుకాణంలో "20 వాల్యూమ్" అని అమ్మే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్
- ఉప్పు, నిమ్మ ఉప్పు
- సన్నని పట్టకారు, సూది, సారా దీపం
- పెన్సిలు, నోటు పుస్తకం

కడగడానికి వాడే నీరు కూడా ముందే సిద్ధం చేసుకోవాలి. సీసా నీళ్లు కొని వాడవద్దు, ఆ సీసా నుండే రేణువులు రాలతాయి. ఇంటి నీటిని కాచి చల్లార్చి, వడపోత కాగితం గుండా గాజు సీసాలోకి వడకట్టుకుంటే సరిపోతుంది. ఈ వ్యాసంలో ఇకపై "శుభ్రమైన నీరు" అంటే ఇదే.

నమూనా తీసే రోజున అందరూ నూలు బట్టలు వేసుకోవాలి, ఎవరు ఏ రంగు వేసుకున్నారో పుస్తకంలో రాయాలి. పాలిస్టర్ చొక్కా నుండి రాలే పోగులు కాలువలో కొట్టుకొచ్చే పోగులకు కవల పిల్లలు. గులాబీ రంగు చొక్కా తొడుక్కున్నవాడు జల్లెడ పట్టుకుంటే, ఆ రోజు లెక్కలో గులాబీ పోగులను కొట్టివేయవలసిందే.

## 3. ఖాళీ నమూనా: దీన్ని వదిలేస్తే మిగతా పనంతా వృథా

ప్రతి నమూనాతో పాటు ఒక ఖాళీ నమూనాను కూడా నడిపించాలి. పది లీటర్ల శుభ్రమైన నీటిని అదే బకెట్టులో పోసి, అదే జల్లెడ గుండా వంపి, అదే తీరున పెరాక్సైడ్, ఉప్పునీరు, వడపోత అన్నీ చేసి, చివరికి కాగితం మీద ఎన్ని రేణువులు వచ్చాయో లెక్కించాలి. అవి మన పాత్రల నుండి, గాలి నుండి, బట్టల నుండి వచ్చినవి.

దానితో పాటు, బల్ల మీద పని జరుగుతున్నంతసేపూ తడిపిన వడపోత కాగితం ఒకటి గాజు పళ్లెంలో మూత లేకుండా పక్కన ఉంచాలి. పని ముగిశాక దాన్నీ చూడాలి. ఫ్యాను ఆపాలి, కిటికీలు మూయాలి. మే నెల ఉక్కలో ఇది కష్టమే, అందుకే ఈ పని తెల్లవారుజామున పెట్టుకోవడం మేలు.

ఖాళీ నమూనాలోనే పదిహేను ఇరవై వస్తుంటే ముందుకు పోవద్దు. పాత్రలను మళ్లీ మూడుసార్లు శుభ్రమైన నీటితో కడిగి, ఇంకొక ఖాళీ నమూనా నడిపి, అంకె తగ్గాకనే అసలు నమూనా ముట్టుకోవాలి.

## 4. చోటును, కాలాన్ని ఎంచుకోవడం

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర తూర్పు డెల్టాకు ధవళేశ్వరం నుండి, మధ్య డెల్టాకు బొబ్బర్లంక నుండి, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం నుండి నీరు కాలువలలోకి మళ్లుతుంది. మీ ఊరు ఏ కాలువ కింద ఉందో చూసుకొని, కనీసం మూడు చోట్లు ఎంచుకోండి: ఊరికి ఎగువన ఒకటి, ఊరు దాటాక ఒకటి, మురుగు కాలువ మీద ఒకటి. సాగునీటి కాలువనూ మురుగు కాలువనూ ఒకే పట్టీలో కలిపి రాయకూడదు, రెండింటి స్వభావమే వేరు.

లాకుల దగ్గర, తూముల దగ్గర చెత్త పేరుకుపోయి ఉంటుంది. అక్కడ తీస్తే అంకె పెద్దదిగా వస్తుంది కానీ అది కాలువ లెక్క అనిపించుకోదు. లాకుకు దూరంగా, నీరు నిదానంగా ఒకే తీరున పారే చోట తీయాలి.

కాలం విషయంలో కొంత ఆలోచన అవసరం. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు, అప్పుడు అడుగున మిగిలిన నీటి గుంటలలో తీసిన నమూనా దేనికీ పనికిరాదు. మళ్లీ నీరు వదిలిన మొదటి రోజులలో ఎండిన కాలువలో పడివున్న సంచులు, పొట్లాలు, గోతాల పీలికలు అన్నీ ఒక్కసారిగా కదులుతాయి. ఆ నీటిని విడిగా లెక్కించడం మంచిదే, మామూలు రోజుల లెక్కతో మాత్రం కలపవద్దు. వరద కాలపు ఎర్రనీటిలో ఒండ్రు జల్లెడను పూడ్చేస్తుంది. అప్పుడు గట్టు దిగడం కూడా ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

నరసాపురం దగ్గర వశిష్ఠలోనూ, యానాం దగ్గర గౌతమిలోనూ సముద్రపు పోటు పాట్లు ఉంటాయి. పోటు మీద తీస్తే సముద్రం నెట్టుకొచ్చిన నీరు వస్తుంది. నది తెచ్చినది తెలియాలంటే పాటు చివరలో తీయాలి, ఏ గంటకు తీశారో రాసిపెట్టాలి.

## 5. నదిలో, కాలువలో నీరు తీయడం

1. వంతెన మీద నుండి తీసేటట్లయితే ఎగువ వైపు నిలబడాలి. దిగువ వైపున వంతెన మీది దుమ్ము, టైర్ల అరుగుదల నీటిలో కలిసి ఉంటాయి.
2. గట్టు నుండి తీసేవారు నీటిలోకి దిగి బురద రేపకూడదు.
3. బొక్కెనను మూడుసార్లు అదే నీటితో కడిగి పారబోయాలి.
4. నీటి పైభాగం నుండి తోడి, స్టీలు బకెట్టులో కొలిచి, జల్లెడల మీద పోయాలి. పైన 4.75 మి.మీ., దాని కింద 300, అడుగున 75 మైక్రాన్ల జల్లెడ ఉండాలి.
5. ఇలా పది బకెట్లు, అంటే 100 లీటర్లు పోయాలి. ఒండ్రు వల్ల నీరు దిగకపోతే బలవంతం చేయక, ఎన్ని లీటర్లు పోశారో అంతవరకే రాసి ఆపేయాలి.
6. పై జల్లెడలో మిగిలిన ఆకులను, గుర్రపుడెక్క వేళ్లను శుభ్రమైన నీటితో కడిగి, ఆ కడిగిన నీరు కింది జల్లెడల మీదనే పడేటట్లు చూసి, ఆకులను పారేయాలి.
7. 300, 75 మైక్రాన్ల జల్లెడలను తలకిందులు చేసి, స్టీలు గ్లాసుతో సన్నగా నీరు పోస్తూ, రెండింటినీ వేరువేరు గాజు సీసాలలోకి దించాలి. సీసా మూతికి ఫాయిల్ కప్పి, తేదీ, గంట, చోటు, లీటర్లు పెన్సిలుతో రాయాలి.

ఒక చోట ఒకే నమూనాతో సరిపెట్టుకోకుండా మూడు తీస్తే, మూడింటి మధ్య తేడా ఎంత ఉంటుందో మీకే అర్థమవుతుంది. ఆ తేడా చూసినవాడు ఒక్క అంకెను పట్టుకొని వాదించడు.

## 6. బోరు, ఫిల్టర్ పాయింటు, నుయ్యి

డెల్టాలో నీరు పైపైనే తగులుతుంది. పక్కనే కాలువ, అటు వరి చేను, ఇటు మరుగుదొడ్డి గుంత ఉన్న చోట ఫిల్టర్ పాయింటు నీటికి ఇవన్నీ పొరుగువారే. అందుచేత చుట్టూ ఏమేమి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాయో చిన్న పటం గీసుకోవడం మొదటి పని.

రెండో పని, గొట్టంలో నిలిచిన నీటిని తోడేయడం. నాలుగు అంగుళాల గొట్టంలో మీటరు లోతుకు సుమారు 8 లీటర్ల నీరు, రెండు అంగుళాల గొట్టంలో సుమారు 2 లీటర్లు ఉంటుంది. నిలిచిన నీటి ఎత్తు 6 మీటర్లయితే నాలుగు అంగుళాల గొట్టంలో 48 లీటర్లు. దానికి మూడు రెట్లు, అంటే సుమారు 150 లీటర్లు పారేశాక వచ్చేదే భూమిలోని నీరు.

ఆ తరువాత నేరుగా 75 మైక్రాన్ల జల్లెడ మీదికి నిదానంగా 200 లీటర్లు వదలాలి. బకెట్టు నిండడానికి ఎంతసేపు పడుతుందో ముందే చూసుకుంటే గడియారంతో లీటర్లు లెక్క కట్టవచ్చు.

చిక్కు ఎక్కడంటే, ఫిల్టర్ పాయింట్ల గొట్టాలు చాలావరకు పీవీసీవే. తెల్లని, బూడిదరంగు చిన్న పెచ్చులు వస్తే అవి గొట్టం నుండి రాలినవి కావచ్చు. ఊరిలో ఇనుప గొట్టాల పాత బోరింగు పనిచేస్తూ ఉంటే, దాని నీటినీ తీసి పోల్చి చూడాలి. రెండింటిలోనూ పోగులు కనబడి, పెచ్చులు ఒక్కదానిలోనే కనబడితే సంగతి తేలిపోయినట్లే.

నుయ్యిని భూగర్భ జలంగా లెక్కించవద్దు. పైన మూత లేని నూతిలో గాలి తెచ్చినదీ బొక్కెన తాడు నుండి రాలినదీ కలిసి ఉంటాయి.

## 7. నాచును, ఆకు తుక్కును కరిగించడం

బోరు నీరు తేటగా ఉంటే ఈ మెట్టునూ తరువాతి మెట్టునూ వదిలి నేరుగా వడకట్టవచ్చు. కాలువ నీటికి ఇది తప్పదు.

సీసాలో నీరు వీలైనంత తక్కువగా ఉంచి, దానికి మూడింతల పెరాక్సైడ్ పోసి, ఫాయిల్ వదులుగా కప్పి, నీడలో మూడు నుండి ఐదు రోజులు ఉంచాలి. మూత బిగించవద్దు, లోపల వాయువు పుట్టి సీసా పగలవచ్చు. త్వరపడి పొయ్యి మీద పెట్టవద్దు, వేడికి కొన్ని ప్లాస్టిక్‌లు మెత్తబడి ఆకారం మారతాయి. 30 శాతం పెరాక్సైడ్ చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి ప్రయోగశాల బయట దాని జోలికి పోకూడదు.

బోరు నీటిలో ఇనుము ఉండి జల్లెడ మీద తుప్పురంగు మడ్డి నిలిస్తే, పెరాక్సైడ్‌కు ముందు నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో ఒక రాత్రి నానబెట్టి, 75 జల్లెడ మీద కడిగేయాలి. ఇనుము ఉండగా పెరాక్సైడ్ పోస్తే నమూనా వేడెక్కి పొంగే అవకాశం ఉంది.

## 8. ఉప్పునీటిలో తేల్చడం

లీటరు నీటికి సుమారు 360 గ్రాముల ఉప్పు కలిపితే ఇక కరగని స్థితికి వస్తుంది. ఉప్పులోనే ప్లాస్టిక్ రేణువులు ఉంటాయి కాబట్టి, ఈ ద్రావణాన్ని తప్పనిసరిగా వడకట్టి వాడాలి.

నమూనాను 75 జల్లెడ మీద కడిగి, పొడవాటి గాజు పాత్రలో ఉప్పునీటితో కలిపి, స్టీలు చెంచాతో తిప్పి, ఒక రాత్రి కదపకుండా ఉంచాలి. ఉదయం ఆ పాత్రను స్టీలు పళ్లెంలో నిలబెట్టి, అంచు వెంబడి మెల్లగా ఇంకొంత ఉప్పునీరు పోస్తే పైన తేలినవన్నీ పొర్లి పళ్లెంలో పడతాయి. ఇలా రెండుసార్లు చేయాలి.

క్యారీ బ్యాగులలోని పాలిథీన్, గోతాలలోని పాలీప్రొపిలీన్, థర్మోకోల్, నైలాన్ తేలతాయి. నీళ్ల సీసాల పెట్, గొట్టాల పీవీసీ ఉప్పునీటి కంటే బరువైనవి, మునుగుతాయి. "మా కాలువలో పెట్ లేదు" అని రాసినవారిలో చాలామంది పాత్ర అడుగు చూడనివారే. కాబట్టి అడుగున దిగిన మడ్డిని కూడా కొంచెం కొంచెంగా పళ్లెంలో పరచి సూక్ష్మదర్శిని కింద చూడాలి.

## 9. వడకట్టి, చూసి, గుర్తించడం

వడపోత కాగితం మీద ముందుగా పెన్సిలుతో చదరాలు గీసుకుంటే లెక్క తప్పదు. నీరు వడిసిన తరువాత గాజు గోడలను శుభ్రమైన నీటితో కడిగి, కాగితాన్ని మూత పళ్లెంలో ఆరనివ్వాలి. తరువాత ఒక్కొక్క గడినీ వరుసగా చూడాలి.

మన ప్రాంతంలో కంటిని మోసం చేసేవి ఇవి:

- కొబ్బరి పీచు. మందం ఒక తీరున ఉండదు, ఉపరితలం మీద కణాల గీతలు కనబడతాయి.
- నూలు పోగు. చదునైన రిబ్బను మెలితిరిగినట్లు ఉంటుంది. ప్లాస్టిక్ పోగు మొదటి నుండి చివరి దాకా ఒకే మందంతో, ఒకే రంగుతో ఉంటుంది.
- నత్తగుల్ల పెంకులు. నిమ్మ ఉప్పు నీటి చుక్క వేస్తే బుడగలు వస్తాయి.
- ఊక ముక్కలు. పెరాక్సైడ్‌కు పూర్తిగా కరగవు, సూదితో నొక్కితే విరుగుతాయి.

వరద గట్ల మీద ఇసుక నింపి పేర్చిన ప్లాస్టిక్ గోతాలు, చెరువుల దగ్గర పడేసిన మేత గోతాలు ఎండకు చివికి పోచలుగా విడిపోతాయి. సన్నని, చదునైన, అంచులు తిన్నగా ఉన్న తెల్లని పీలికలు కనబడితే ముందుగా వీటిని అనుమానించాలి.

అనుమానం తీరనప్పుడు వేడి సూది పరీక్ష చేయాలి. ముందు ఫోటో తీయాలి, ఎందుకంటే ఆ రేణువు మళ్లీ మిగలదు. ఎర్రగా కాల్చిన సూదిని దగ్గరకు తెస్తే ప్లాస్టిక్ కరుగుతుంది లేదా ముడుచుకుంటుంది, నూలూ పీచూ అలా చేయవు. టైరు రబ్బరు కరగదు కాబట్టి నల్లని మెత్తని రేణువులను ఈ పరీక్షతో తేల్చలేం, "అనిశ్చితం" అనే గడిలో వేయాలి. ఆ గడి ఖాళీగా ఉన్న నోటు పుస్తకాన్ని నేను నమ్మను.

## 10. లెక్క కట్టడం

నమూనాలో వచ్చిన సంఖ్య నుండి ఖాళీ నమూనా సంఖ్యను తీసివేసి, లీటర్లతో భాగించాలి. ఉదాహరణకు 100 లీటర్లలో 34 రేణువులు, ఖాళీ నమూనాలో 6 వచ్చాయనుకుంటే, మిగిలినవి 28. లీటరుకు 0.28, ఘనపు మీటరుకు 280. పోగులు, ముక్కలు, పొరలు, గుళికలు వేరువేరుగా రాయాలి, ఖాళీ నమూనా నుండి కూడా రకం వారీగానే తీసివేయాలి. జల్లెడ కొలత రాయని అంకెకు విలువ లేదు, 300 జల్లెడతో వచ్చినదాన్ని 75 జల్లెడతో వచ్చినదానితో పోల్చకూడదు.

## 11. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి సవరణలు

అన్ని నమూనాలలో ఒకే రంగు పోగు. తాడు, చొక్కా, తుడిచే గుడ్డ, ఈ మూడింటి నుండి పోగు తీసి పక్కన పెట్టి పోల్చండి. సరిపోతే ఆ రంగును అన్నిచోట్లా కొట్టివేయండి.

ఇద్దరు లెక్కిస్తే రెండు అంకెలు. ఇది తప్పు కాదు, సహజం. ఒకరి లెక్క చూడకుండా ఇంకొకరు లెక్కించాలి. తేడా ఐదో వంతు దాటితే ఇద్దరూ కలిసి కూర్చొని మళ్లీ చూడాలి.

మురుగు కాలువలో ఒక్కసారిగా ఎక్కువ. ఆ రోజు ఎగువన రొయ్యల చెరువు పట్టుబడి జరిగిందేమో విచారించండి. వలల నుండి, ఏరియేటర్ల (చెరువు నీటికి గాలి పట్టించే యంత్రాలు) నుండి రాలినవీ చెరువు నీరూ అప్పుడే కాలువలోకి వస్తాయి. పది రోజులు ఆగి మళ్లీ తీయాలి, మొదటి అంకెను మాత్రం కొట్టివేయకూడదు.

ఉప్పు కాగితం మీద పేరుకోవడం. మెరిసే గడ్డలు ప్లాస్టిక్‌లా కనబడతాయి. శుభ్రమైన నీటితో ఇంకొకసారి కడిగితే పోతాయి.

## 12. కాగితాలను భద్రపరచడం

లెక్క అయిపోయాక వడపోత కాగితాలను పారేయవద్దు. ప్లాస్టిక్ రకాన్ని నిర్ధారించేది ఎఫ్‌టీఐఆర్, రామన్ యంత్రాలే (రేణువు మీద కాంతిని ప్రసరించి అది ఏ పదార్థమో చెప్పేవి), అవి ఉన్న విశ్వవిద్యాలయ ప్రయోగశాల ఏదైనా ఒప్పుకుంటే ఈ కాగితాలనే తీసుకువెళ్లాలి. అన్నింటినీ పరీక్షించమంటే ఎవరూ ఒప్పుకోరు కాబట్టి, ప్రతి రకం నుండి నాలుగైదు రేణువులకు పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన అంకె వేసి ఉంచండి.

గాజు పళ్లెంలోనే మూతపెట్టి, కాగితం కవరులో ఉంచి, కవరు మీద చోటు, తేదీ, గంట, లీటర్లు, జల్లెడ కొలత రాయాలి. దానికి చెందిన ఖాళీ నమూనా కాగితాన్ని కూడా అదే కవరులో పెట్టాలి, ల్యాబువారు మొదట అడిగేది దానినే.